ఏలూరు రోడ్డు ఎర్ర పుస్తకాల షాపులు: బెజవాడ వెళ్తే ఒక పూట ఇక్కడ గడపండి

బెజవాడ వెళ్తున్నాం, ఏం చూడొచ్చు అని అడిగితే దుర్గమ్మ గుడి, ప్రకాశం బ్యారేజీ ఎవరైనా చెప్తారు. నేను వాటితోపాటు ఏలూరు రోడ్డు కూడా చెప్తాను. విశాలాంధ్ర బుక్ హౌస్, దానికి నడిచి వెళ్ళేంత దూరంలో ప్రజాశక్తి, నవోదయ, జయంతి, కాస్త ముందుకెళ్తే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు. నాకు ఇవన్నీ విడివిడి షాపులుగా గుర్తులేవు. ఒకదాంట్లో దొరకని పుస్తకానికి ఇంకోదాంట్లోకి వెళ్ళడం, దారిలో టీ తాగడం, చేతిలో డబ్బులైపోయాక పాత పుస్తకాల దగ్గర ఆగడం, అంతా కలిపి ఒకటే జ్ఞాపకం. అందుకే విశాలాంధ్రకి రివ్యూ రాద్దామని కూర్చుంటే ఇరుగుపొరుగు షాపులన్నీ వచ్చేశాయి. రేటింగ్ ఎంతంటే అయిదుకి అయిదు. నా చదువులో సగం పైగా ఆ రోడ్డు పెట్టిన భిక్ష అని నమ్ముతాను కాబట్టి ఇందులో పక్షపాతం ఉంటుంది, అది తెలిసే చదవండి.

ముందు దారి. మున్సిపాలిటీ లెక్కల్లో ఇది కార్ల్ మార్క్స్ రోడ్డు. పుస్తకాల వెనక అట్ట మీద అడ్రసులో అదే ఉంటుంది, కానీ ఆటో ఎక్కి ఏలూరు రోడ్డు అంటేనే తీసుకెళ్తారు. గవర్నర్‌పేట దగ్గర దిగితే చాలు. బీసెంట్ రోడ్డు పక్కనే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు బట్టలకి అటు వెళ్తే మీరు పుస్తకాలకి ఇటు రావచ్చు. మా ఇంట్లో ఏళ్ళ తరబడి అదే ఒప్పందం. అమ్మ, పిన్ని బీసెంట్ రోడ్డులో జాకెట్టు ముక్కలకి మ్యాచింగ్ వెతుకుతుంటే నేను విశాలాంధ్రలో ఉండేదాన్ని. వాళ్ళ పని అయ్యాక వచ్చి గుమ్మం దగ్గర నిలబడి "ఇంకా అవలేదటే" అని పిలిచేవాళ్ళు.

మేం బెజవాడకి దగ్గర పల్లెటూరివాళ్ళం. మాచవరం ఎస్‌ఆర్‌ఆర్ కాలేజీలో డిగ్రీ చదివే రోజుల్లో, అంటే ఎనభైల చివర, క్లాసులు అయ్యాక బస్సు వచ్చేలోపు నాకు చాలా టైము ఉండేది. ఆడపిల్ల ఒక్కతే గంటసేపు ఎక్కడ నిలబడుతుంది చెప్పండి. బస్టాండులో నిలబడితే చూపులు, హోటల్లో కూర్చుంటే బిల్లు, సినిమా హాలు వైపు ఒంటరిగా వెళ్తే ఊళ్ళో కబుర్లు. విశాలాంధ్రలో మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మొదటిసారి లోపలికెళ్ళి బిక్కమొహం వేసుకుని నిలబడితే కౌంటరు దగ్గర పెద్దాయన తలెత్తి "చూసుకోమ్మా, తొందరేం లేదు" అని మళ్ళీ తన బిల్లు పుస్తకంలోకి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటతో నాకు ఆ షాపు సొంతమైపోయింది. నిలబడి సగం పుస్తకం చదివేసి, పేజీ నంబరు గుర్తు పెట్టుకుని మళ్ళీ వెళ్ళినప్పుడు మిగతాది చదివిన రోజులు ఉన్నాయి. ఆయనకి తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. పుస్తకాల షాపుని నేను ఇప్పటికీ ఆ లెక్కతోనే కొలుస్తాను: జేబులో డబ్బు లేనివాళ్ళని ఎంతసేపు నిలబడనిస్తారు అని.

విశాలాంధ్ర గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. విశాలాంధ్ర దినపత్రిక 1952లో విజయవాడలో మొదలైంది, కమ్యూనిస్టు పార్టీ పత్రిక. పుస్తకాల ప్రచురణ, అమ్మకం ఆ కుటుంబంలోవే. కాబట్టి ఇది పార్టీ షాపు, అందులో దాపరికమేమీ లేదు. మార్క్స్, ఎంగెల్స్, లెనిన్ రచనలు వరసగా పేర్చి ఉండేవి. కానీ పార్టీ షాపు కదా అని పార్టీ పుస్తకాలే ఉంటాయనుకుంటే పొరపాటు. కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యం సంపుటాలుగా వేసింది వీళ్ళే, సరే, ఆయన వీళ్ళకి దగ్గరివాడే అనుకుందాం. బుచ్చిబాబు కథలు వేసిందీ వీళ్ళే. ముళ్ళపూడి వెంకటరమణ సాహితీ సర్వస్వం వేసిందీ వీళ్ళే. బుచ్చిబాబుకీ ఎర్రజెండాకీ ఏం సంబంధం? ఏమీ లేదు. మంచి తెలుగు వచనం తక్కువ వెలకి జనానికి అందాలి అనుకున్నారు, వేశారు. ఈ ఒక్క విషయానికి వాళ్ళ రాజకీయాలతో ఒప్పుకోనివాళ్ళు కూడా వాళ్ళకి రుణపడి ఉన్నారని నా అభిప్రాయం. గురజాడ మొదలుకుని ఆధునిక తెలుగు సాహిత్యం పునాదుల దగ్గర్నించి చదవాలనుకునేవాళ్ళకి ఒకే గదిలో అన్నీ దొరికే చోటు అప్పట్లో అదొక్కటే కాకపోవచ్చు గానీ, స్టూడెంటు కొనుక్కోగలిగే వెలకి దొరికే చోటు మాత్రం నాకు తెలిసి అదే.

ఇక సోవియట్ పుస్తకాలు. ఆ తరంవాళ్ళు ఎవరైనా విశాలాంధ్ర అనగానే ముందు చెప్పేది ఇదే. మాస్కోలో ప్రగతి ప్రచురణాలయం, తర్వాత 1982లో సాహిత్యానికని విడిగా పెట్టిన రాదుగ, సైన్సుకి మీర్. అక్కడ తెలుగులోనే అచ్చువేసి ఓడల్లో ఇక్కడికి పంపేవాళ్ళు. గట్టి అట్ట, కుట్టు బైండింగు, లోపల రంగుల బొమ్మలు, వెల చూస్తే పది రూపాయల లోపు. అదే సైజులో మన దగ్గర అచ్చయిన పుస్తకం న్యూస్‌ప్రింటు మీద, పల్చటి అట్టతో, అంతకంటే ఎక్కువ వెలకి ఉండేది. సోవియట్ ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి పంపేది కాబట్టే ఆ వెల, ప్రచారం కోసమే పంపేది, అదీ నిజమే. కానీ పల్లెటూరి పిల్లకి చెహోవ్ కథ తెలుగులో దొరకడం వెనక ఎవరి ప్రయోజనం ఏమిటో ఆలోచించే తీరిక లేదు. చెహోవ్ కథ చదివాక ఇంకో కథ కావాలి, అంతే.

అనువాదాలు ఎవరు చేశారో చూడటం నాకు అక్కడే అలవాటైంది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి, నిడమర్తి ఉమారాజేశ్వరరావు, ఆర్వీఆర్. వీళ్ళు మాస్కోలో ఉండి రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేసినవాళ్ళు. కొన్ని అనువాదాలు బిగుసుకుపోయి ఉండేవి, ఆ పేర్లు నోరు తిరిగేవి కావు, ఒకే మనిషిని మూడు పేర్లతో పిలుస్తుంటే ఎవరు ఎవరో తెలియక మొదటి పేజీల్లోకి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చేది. అయినా మంచు, టీ కాచుకునే సమోవార్, మంచు మీద జారే స్లెడ్జి బండి, ఇవన్నీ కృష్ణా జిల్లా ఎండలో కూర్చుని చదివి చూసినట్టే తెలిసిపోయాయి. పిల్లల పుస్తకాలు మరీ బాగుండేవి. ఇంట్లో తమ్ముడికని కొని నేనే చదివేదాన్ని. సోవియట్ భూమి పత్రిక కాగితం నున్నగా, మందంగా ఉండేది కాబట్టి మా బళ్ళో సగం మంది నోటు పుస్తకాలకి అవే అట్టలు, అది మాత్రం చదివినవాళ్ళకంటే అట్టలేసుకున్నవాళ్ళే ఎక్కువ. పల్లెలకి విశాలాంధ్ర పుస్తకాల వ్యాను కూడా వచ్చేది. అది ఊళ్ళోకి వచ్చిందంటే మాస్టార్లు జీతం రాళ్ళు లెక్కపెట్టుకుంటూ చుట్టూ మూగేవాళ్ళు.

1991లో సోవియట్ యూనియన్ పోయింది. రాజకీయంగా దాన్ని ఎవరెలా చూసినా, ఏలూరు రోడ్డులో దాని అర్థం కొత్త సరుకు రాదు అని. ఉన్న స్టాకు కొన్నేళ్ళు అమ్మారు. ఒక్కో ర్యాకూ ఖాళీ అవుతుంటే ఆ జాగాలోకి వేరే పుస్తకాలు వచ్చేవి. మళ్ళీ వెళ్ళినప్పుడు కొందాంలే అనుకున్న టాల్‌స్టాయ్ ఉండేవాడు కాదు. ఇప్పుడు ఆ పుస్తకాలు పాత పుస్తకాల మార్కెట్లో అసలు వెలకి ఎన్నో రెట్లు పలుకుతున్నాయి, స్కాన్ చేసి నెట్‌లో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు చేస్తున్నది పెద్ద సేవ. కొన్నింటిని మన ప్రచురణకర్తలు మళ్ళీ వేశారు. ఆ కుట్టు బైండింగు మాత్రం మళ్ళీ రాలేదు.

విశాలాంధ్ర నుంచి బయటికొచ్చి నడిస్తే ప్రజాశక్తి. పేరు పాతదే, 1942లో మొదలైన పత్రిక పేరు అది, 1948లో నిషేధం పడింది. 1964లో పార్టీ రెండుగా చీలాక విశాలాంధ్ర సీపీఐ వైపు ఉంటే, ఆ పేరు సీపీఎం వైపు నిలిచింది, 1981లో దినపత్రికగా మళ్ళీ వచ్చింది. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. ఒకే రంగు జెండా, ఒకే గడ్డపు తాత ఫొటో, షాపులు మాత్రం రెండెందుకు అని కాలేజీలో ఒక సీనియర్‌ని అడిగితే లెనిన్ సెంటర్ దాకా నడుస్తూ చెప్పింది, అక్కడికెళ్ళేసరికి ఇంకా ఆ తర్వాతి నక్సల్బరీ చీలిక దగ్గరే ఉంది. చీలికల చరిత్ర ఎంత పొడుగైనా కొనేవాళ్ళు మాత్రం అటూ ఇటూ ఒకళ్ళే. ఈ షాపులో బిల్లు వేయించుకున్న సంచీతోనే ఆ షాపులోకి వెళ్ళేవాళ్ళు, ఎవరూ మొహం చిట్లించేవాళ్ళు కాదు. ప్రజాశక్తిలో నాకు బాగా నచ్చింది చిన్న పుస్తకాలు. ముప్పై నలభై పేజీలు, రెండు మూడు రూపాయలు, గ్రహణాల గురించి, మూఢనమ్మకాల గురించి, చట్టాల గురించి. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకి వెళ్ళిన ఆడవాళ్ళు సారా వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టి రాష్ట్రమంతా కదిలించినప్పుడు, ఇలాంటి చిన్న పుస్తకాలకి ఎంత బలం ఉందో కళ్ళారా చూశాం. లావు పుస్తకాలు చదివేవాళ్ళు తక్కువ. ఈ సన్నపాటి పుస్తకాలు చేతులు మారుతూ ఎంత దూరమైనా వెళ్తాయి.

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు కూడా నేను ఈ రోడ్డులోనే చూశాను. 1980లో మొదలైన సంస్థ అది, చిన్న ప్రచురణ సంస్థ, ఏ పార్టీదీ కాదు. వాళ్ళ "వైద్యుడు లేని చోట" మా ఇంట్లో చిరిగిపోయేదాకా వాడిన పుస్తకం. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా, పురుడు వచ్చినా అది అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ చేత వాళ్ళ మాటల్లోనే చెప్పించిన "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం 1986లో వచ్చింది. నేను డిగ్రీలో చదివిన హిస్టరీలో ఒక్క తెలుగు ఆడమనిషి పేరు కూడా సరిగ్గా లేదు. ఆ పుస్తకంలో మా అమ్మమ్మలా మాట్లాడే మనుషులు తుపాకీ పట్టిన సంగతి, బిడ్డని వదిలి దళంలోకి వెళ్ళిన సంగతి, పోరాటం అయిపోయాక ఇంటికి పొమ్మంటే ఏ ఇంటికి వెళ్ళాలో తెలియని సంగతి చెప్తున్నారు. పార్టీని కూడా వాళ్ళు నిలదీశారు. అలాంటి పుస్తకం ఈ రోడ్డు మీద అమ్మకానికి ఉండటమే నాకు ఈ షాపుల మీద గౌరవం పెంచింది. అరుణతార, ప్రజాసాహితి లాంటి సాహిత్య పత్రికలు, తర్వాత స్త్రీల పత్రిక భూమిక కూడా ఈ రోడ్డు మీద తిరిగినవాళ్ళకే పరిచయం. మామూలు బడ్డీకొట్లో అవి ఎవరు పెడతారు?

అప్పట్లో నవోదయ వాతావరణం వేరు. బాపు గీసిన అట్టలు, ముళ్ళపూడి రమణ పుస్తకాలు, నవోదయ నడిపిన రామమోహనరావు గారి అభిరుచి. ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలిసిపోయేది, అక్షరం సైజు, మార్జిను, అట్ట మీద పేరు రాసిన తీరు. విశాలాంధ్రలో పుస్తకం చవగ్గా ఉండాలి, నవోదయలో పుస్తకం అందంగా ఉండాలి, నాకు అలా అర్థమైంది. రెండూ కావాలి. రచయితలు అక్కడికి వస్తారని, కూర్చుని మాట్లాడుకుంటారని అందరూ చెప్పేవాళ్ళు. నేను వెళ్ళినప్పుడు లోపల ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే ఈయన ఎవరై ఉంటారా అని పుస్తకం వెనక అట్ట మీద ఫొటోలతో పోల్చుకునేదాన్ని. పలకరించే ధైర్యం మాత్రం ఎప్పుడూ చాలలేదు.

తెలుగులో సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే కవులు, కథకులు ఎంతమందో మీకు తెలుసు కదా. వాళ్ళందరి పుస్తకాల్లో రెండో పేజీలో "ప్రతులకు" అని ఉంటుంది, దాని కింద ఈ రోడ్డు షాపుల పేర్లే. అంటే శ్రీకాకుళంలో ఉన్న ఒక టీచరు అయిదు వందల కాపీలు వేయించుకుని కట్ట కట్టి ఇక్కడికి పంపితే, ర్యాకులో పెట్టి, అమ్ముడైతే కమీషన్ పోను మిగతాది ఇస్తారు. లాభం సంగతి అటుంచండి, ఆ కవిత్వం ఊరు దాటడానికి దారి అదొక్కటే. ఎవరికీ తెలియని పేర్లని మొదట చదివింది నేను ఇలాగే. పెద్ద పేర్ల మధ్యలో పల్చగా ఇరుక్కుని ఉన్న పుస్తకాలు లాగి చూడటం నా అలవాటు, మీరూ అలాగే చెయ్యండి. చాలావాటిని మళ్ళీ పెట్టేస్తారు, కానీ ఎప్పుడో ఒకటి మీతో ఇంటికి వస్తుంది.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లది పూర్తిగా ఇంకో లోకం. అక్కడ ప్రధాన వ్యాపారం ఇంటర్, ఇంజనీరింగ్ టెక్స్టుబుక్కులు, ఎంట్రన్సు గైడ్లు. జూన్, జూలైలో వెళ్తే తండ్రులు లిస్టు కాగితాలు పట్టుకుని బేరాలాడుతుంటారు. సగం ధరకి కొని, ఏడాది తర్వాత అక్కడే అమ్మేయొచ్చు. మా తమ్ముడి ఇంటర్ అంతా అలాగే గడిచింది. సాహిత్యం కావాలంటే వెనక దొంతరల్లో వెతకాలి, ఓపికుండాలి. దుమ్ము పడనివాళ్ళు రుమాలు తీసుకెళ్ళండి. ఒక విషయంలో మాత్రం జాగ్రత్త. అక్కడ ఒక కొట్లో నేను ఎంతో సంబరంగా కొన్న నవలలో మధ్యలో ఒక ఫారం మొత్తం లేదు. అంటే పదహారు పేజీలు. సరిగ్గా కథ ముడిపడే చోట. తిరిగి తీసుకెళ్తే ఆయన "పాత పుస్తకం కదమ్మా, చూసుకుని తీసుకోవాలి" అన్నాడు, డబ్బులు ఇవ్వలేదు. బాధేసింది గానీ పద్ధతి అంతే. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో అక్కడే తిరగేసి చూసుకోండి. కొత్త పుస్తకాల షాపుల్లో కూడా అప్పుడప్పుడు ఫారాలు తిరగబడి బైండయినవి వస్తాయి. అవైతే బిల్లు చూపిస్తే మార్చి ఇస్తారు.

అద్దె పుస్తకాల షాపుల గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకం పూర్తి కాదు. అప్పట్లో బెజవాడలో వీధి వీధికీ ఒకటి ఉండేది. డిపాజిట్టు కట్టి, రోజుకి ఇంత అని అద్దె ఇచ్చి నవల తెచ్చుకోవడం. మా పిన్ని అన్నం వండుతూ నవల చదివేది, మాడువాసన వస్తే ఈరోజు నవల బాగుందన్నమాట. ఎర్ర షాపులకి వెళ్ళేవాళ్ళు ఆ నవలల్ని చిన్నచూపు చూసేవాళ్ళు, నాకది నచ్చదు. రోజూ రాత్రి పనంతా అయ్యాక గుడ్డి దీపం దగ్గర నాలుగు పేజీలు చదివే అలవాటు మా ఇంట్లో ఆడవాళ్ళకి వచ్చింది ఆ అద్దె నవలల వల్లే. ఆ అలవాటు చూసి పెరిగాను కాబట్టే నేను ఏలూరు రోడ్డు దాకా వెళ్ళాను. టీవీ సీరియళ్ళు వచ్చాక ఆ షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

తిండి గురించి కూడా అడుగుతారు కదా. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఉంది, 1942 నాటిది, వెన్న వేసిన ఇడ్లీకి పేరు. పుస్తకాలు కొని అక్కడికెళ్ళి ఇడ్లీ తింటూ మొదటి పేజీలు తిరగెయ్యడం మంచి ప్లాను, కాకపోతే రద్దీ టైములో కూర్చుని చదవనివ్వరు, వెనక జనం నిలబడి ఉంటారు. అలంకార్, విజయ టాకీస్ లాంటి సినిమా హాళ్ళ జనం, కాలేజీ పిల్లలు, కోర్టు పనుల మీద వచ్చినవాళ్ళు, అందరూ కలిసి ఆ రోడ్డు సాయంత్రం పూట కిటకిటలాడేది. పుస్తకాల షాపు బతకాలంటే చుట్టూ ఇలాంటి జనం ఉండాలి. పుస్తకం కోసమే బయల్దేరి వచ్చేవాళ్ళతో ఏ షాపూ నడవదు. సినిమా టికెట్టు దొరకనివాడు, బస్సు తప్పిపోయినవాడు, వాన కోసం గుమ్మంలోకి వచ్చినవాడు, వీళ్ళలోంచే కొత్త పాఠకులు వస్తారు. మాల్స్‌లో పుస్తకాల షాపు పెట్టేవాళ్ళకి ఇది ఎందుకు అర్థం కాదో నాకు తెలియదు.

1989 నుంచి జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతోంది. చాలా ఏళ్ళు స్వరాజ్ మైదానంలోనే. కొత్త సంవత్సరం అంటే మాకు కేకు, గ్రీటింగ్ కార్డుల కంటే ఇదే ముఖ్యం. ఏలూరు రోడ్డు షాపులన్నీ స్టాళ్ళుగా అక్కడికి వచ్చేవి, దుమ్ములో, మైకు చప్పుళ్ళలో, మిరపకాయ బజ్జీల వాసనలో. స్టాలు వాళ్ళు మామూలుగా పది శాతం తగ్గించి ఇస్తారు కాబట్టి ఏడాదంతా రాసిపెట్టుకున్న లిస్టు తీసుకెళ్ళేవాళ్ళం. ఆ మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది, 2024 జనవరిలో ఆవిష్కరించారు. పుస్తకాల పండగ వేరే చోట్లకి మారింది. 2025లో ఇందిరాగాంధీ స్టేడియంలో పెట్టారు. జనవరిలో వెళ్ళేవాళ్ళు పండగా, షాపులూ రెండూ చూడండి, కానీ పండగలో కొన్నాం కదా అని షాపుకి వెళ్ళకుండా రాకండి. పండగ స్టాలులో కొత్తవి, బాగా అమ్ముడయ్యేవే ముందు పెడతారు. షాపులో అడుగు ర్యాకులో పాత ఎడిషన్లు ఉంటాయి, వెల కూడా పాతదే ఉంటుంది ఒక్కోసారి.

మెచ్చుకోవడమే కాదు, బాధ కలిగించేవి కూడా చెప్పాలి. ఇవి ఏ ఒక్క షాపు మీదో కాదు, తెలుగు పుస్తక వ్యాపారం మొత్తం మీద. ఒక రచయిత సంపుటాల్లో ఒకటి, మూడు, అయిదు ఉంటాయి, రెండు, నాలుగు "ప్రింటులో లేవు" అంటారు, ఎప్పుడొస్తాయంటే ఎవరికీ తెలియదు. స్టాకు ఏముందో నెట్‌లో చూసుకునే వీలు చాలా చోట్ల లేదు. గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియలు ముందు వరసలోకి వచ్చి కథలు, కవిత్వం వెనక్కి పోయాయి. అద్దెలు కట్టాలి, జీతాలివ్వాలి, వాళ్ళని తప్పుపట్టలేను. కానీ పదిహేడేళ్ళ పిల్ల లోపలికొచ్చి కళ్ళెత్తితే ముందు ఏం కనిపిస్తుందో అదే కదా ఆమె చదువుతుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోని విశాలాంధ్ర షాపులు నవచేతన అయ్యాయి. నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి అక్కడికీ వెళ్తుంటాను, అదీ మంచి షాపే, పేరు మారినా పుస్తకాలు అవే. అయినా కౌంటరు మీద తలవంచుకుని బిల్లు రాసే మనిషి కోసం కళ్ళు వెతుకుతాయి.

మా అమ్మాయిని మొన్నీమధ్య తీసుకెళ్ళాను. తనది ఇంగ్లీష్ మీడియం, తెలుగు చదవడం వచ్చు గానీ మెల్లగా చదువుతుంది. నేను నా లిస్టు పట్టుకుని తిరుగుతుంటే తను ఒక మూల స్టూలు మీద కూర్చుని ఏదో తిరగేస్తోంది. కౌంటరులో ఉన్న కుర్రాడు చూశాడు, ఏమీ అనలేదు, ఫ్యాను అటు తిప్పాడు. మనిషి మారినా పద్ధతి మారలేదు. నాకు ఈ రివ్యూ రాయాలనిపించింది అందుకే.

వెళ్ళేవాళ్ళకి చివరిగా రెండు మాటలు. ఎండాకాలం అయితే సాయంత్రం అయిదు తర్వాత వెళ్ళండి, బెజవాడ ఎండలో ఆ ఫుట్‌పాత్ మీద నడవలేరు. కారు తీసుకెళ్ళకండి, పార్కింగుకి చోటు దొరకడం కష్టం. గుడ్డ సంచీ పట్టుకెళ్ళండి. మొదటిసారి కొనేవాళ్ళయితే పెద్ద సంపుటాల జోలికి పోకుండా ఒక మహాప్రస్థానం, ఒక కథల పుస్తకం, పిల్లలుంటే బొమ్మల పుస్తకం ఒకటి, పేరు తెలియని కవిది పల్చటి పుస్తకం ఒకటి తీసుకోండి. కావలసిన పుస్తకం కనిపించకపోతే అడగండి. వాళ్ళ దగ్గర లేకపోతే పక్క షాపులో ఉందేమో వాళ్ళే చెప్తారు, నాకు చాలాసార్లు చెప్పారు.